చాయ తాగి పిలిచిన పిలుపు

ఆ రోజుల్లో గోదావరిఖనిలో చాలామందికి రెండేసి పేర్లుండేవి, ఊళ్లో ఒకటి, బొగ్గుబాయిలో ఒకటి. మా కాక సంగతీ అంతే. బాయిలో నౌకరీ దొరికింది నిజానికి ఆయన బామ్మర్దికి. అతను ఒక్కనాడు బాయి దిగి, చీకటికి జడుసుకుని ఊరికి పారిపోతే, ఆ పేరు మీద కాక డ్యూటీ ఎక్కాడు. ఇక ఏళ్ల తరబడి ఆ పేరుకే పలికాడు. (ఎవరైనా మొగుడి పేరడిగితే మా చిన్నమ్మ సొంత తమ్ముడి పేరే చెప్పేది, పైగా సిగ్గుపడుతూ.)

ఊళ్లో కాకకు రెండెకరాల మెట్ట చెలక ఉండేది. దాన్ని పాలోళ్లు, అదే మా దాయాదులు, తమ భూమిలో కలిపేసుకుని దున్నుకుంటుంటే, తన అసలు పేరుతో తాలూకా కోర్టులో దావా వేశాడు. పేషీనాడు నన్ను తోడు తీసుకుపోయాడు. నేను కొత్తగా కాలేజీలో చేరి, ప్రతిదానికీ న్యాయం మాట్లాడుతున్న వయసు. ఆ కోర్టు చప్రాసికి ఒక అలవాటుండేది. చాయ తాగించినవాళ్ల పేరు బజారు దాకా వినబడేలా పిలిచేవాడు, తాగించనివాళ్ల పేరు తన మీసాలకు మాత్రమే వినబడేలా పిలిచేవాడు. మూడు పిలుపులకూ పలకకపోతే దావా కొట్టేసేవారు. కాక అతన్ని హోటలుకు తీసుకుపోతుంటే నేను అడ్డుపడ్డాను.

"కోర్టు అందరిది కాకా. ఆయనకు సర్కారు జీతమిస్తలేదా? మనమెందుకు చాయ తాపాలె?"

"కోర్టు అందరిదేరా. గొంతు ఆయనది," అన్నాడు కాక. చాయతోపాటు మిర్చి బజ్జీలు కూడా పెట్టించాడు.

తర్వాత వకీలుగారి గుమాస్తా నన్ను పాన్ తెమ్మని పంపాడు. (అక్కడ ఎవరు సర్కారు పని చేస్తున్నారో, ఎవరు ఎవరి సొంతపని చేస్తున్నారో తెలిసేది కాదు.) పాన్ డబ్బా దగ్గరికే కాక పేరు ఖణేల్‌మని వినబడింది. మూడో పిలుపుకు కోర్టు పెంకుల మీది పావురాలన్నీ లేచాయి. ఉరికొచ్చి చూస్తే కాక వరండాలోనే కూర్చుని అటూ ఇటూ చూస్తున్నాడు.

"ఎవడోరా పాపం, గంతగనం మొత్తుకున్నా పలుకుతలేడు. వాని దావా పోయినట్టే," అన్నాడు జాలిగా.

"అది నీ పేరే కాకా," అన్నాను. ఆయన ఆ పేరును ఒకసారి నోట్లో అనుకుని చూసుకున్నాడు. తర్వాత లోపలికి ఉరికాడు.

జడ్జి ముందు కాగితాలు పెట్టే పేష్కారు తలెత్తకుండానే అడిగాడు. "ఇక్కడనే ఉండి ఎందుకు పలకలే?"

నిజం చెబితే బాయి నౌకరీ పోతుంది, చెప్పకపోతే చెలక పోతుంది. కాక చేతులు కట్టుకున్నాడు. "నైట్ షిఫ్టు చేసొచ్చిన సార్. కునుకు వట్టింది."

అక్కడికక్కడే మళ్లీ అర్జీ పెట్టినా ఆ కారణం చెల్లలేదు. తిరుగు బస్సులో నేను చప్రాసిని తిట్టబోతే కాక ఆపాడు.

"ఆయన తప్పేం లేదురా. తాగిన చాయకు మంచిగనే పిలిచిండు. నేనే నన్ను మరిచిపోయిన."

ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ బాధగానే ఉంటుంది. చెలక పాలోళ్లదైపోయింది. కాక బామ్మర్ది పేరుతోనే రిటైరయ్యాడు, ఆ పేరు పిలిచే మెడలో దండ వేశారు. ఆయన సొంత పేరును నలుగురిలో అంత గట్టిగా పిలిచింది ఆ చప్రాసి ఒక్కడే.

ఇప్పుడు నా తలా నెరిసింది. ఏ సర్కారు కచేరీలోనైనా ఎవరి పేరో పిలిచాక ఎవరూ లేవకపోతే, చాయ తాపొద్దని వాదించిన ఆ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. పక్కన కూర్చున్న ముసలాయన భుజం మెల్లగా తట్టి అడుగుతాను.

"పెద్దాయనా, మీ అసలు పేరేంది?"