ఆరో కర్ర

మా నాన్న పొద్దుగూకాక ఏ పెళ్లి భోజనానికీ వెళ్లలేదు. ఊరు దాన్ని పొగరంది, మేము క్రమశిక్షణ అన్నాం. రేచీకటేమోనని ఎవరికీ తోచలేదు. తోటపల్లి గూడూరు దగ్గర మా అక్క ఒక సాయంత్రం మా రొయ్యల గుంట గట్టు మీద నడుస్తూ నడుస్తూ నేరుగా గుంటలోకే నడిచాక తోచింది.

అక్క కళ్లలో రొడాప్సిన్ అనే ప్రోటీను వంకరగా తయారవుతోందనీ, అది నాన్న నుంచి వచ్చిందనీ, నాక్కూడా ఉండే అవకాశం సగానికి సగమనీ నెల్లూరులో కళ్ల డాక్టరుగారు చెప్పారు. నన్నూ పరీక్షకు రమ్మన్నారు. నేను బయోకెమిస్ట్రీ చదివినవాణ్ణి. అందువల్ల సరైన పేర్లతో భయపడగలిగాను.

ఆ ప్రోటీను ఏం చేస్తుందని అక్క అడిగింది. గట్టు వార బురదలో ఏడు సరుగుడు కర్రలు దగ్గరదగ్గరగా గుచ్చి, నడుమ ఒక వంకర పుల్ల ఇరికించాను. కర్రలన్నీ కలిపి ఆ ప్రోటీననీ, పుల్ల విటమిన్ ఎ నుంచి వచ్చిన ముక్క అనీ, బురద కంటి కణంలోని కొవ్వు పొర అనీ అనుకోమన్నాను. వెలుతురు తగలగానే ఆ పుల్ల తిన్నగా సాగుతుంది. చుట్టూ ఉన్న కర్రలు సర్దుకోక తప్పదు. ఆరో కర్ర అడుగు భాగం బయటికి జరిగి, కింద సందు ఏర్పడుతుంది. అక్కడ కాచుకుని ఉన్న ఇంకో ప్రోటీను ఆ సందులో తోక దూర్చి, మేలుకుని, మిగతావాళ్లను లేపడానికి పోతుంది. చూడటమంటే అక్కడ మొదలు.

అక్క కర్రల వంక చూసింది. "అయితే నా కళ్లల్లో ఇయ్యి సరిగ్గా పాతలా. ఎవుర్రా మేస్త్రీ?"

"నాన్న," అన్నాను. చాలాసేపు నవ్వింది.

పరీక్ష రోజు నన్ను చీకటి గదిలో కూర్చోబెట్టి, చుక్క కనిపిస్తే మీట నొక్కమన్నారు. అక్క తోడుగా పక్కనే కూర్చుంది. ఎండలోంచి వచ్చిన కళ్లకు ఏమీ కనిపించలేదు. సాగిపోయిన పుల్లల స్థానంలోకి మళ్లీ వంకర పుల్లలు వచ్చి చేరాలి. పుస్తకంలో అది ఒక్క వాక్యం. గదిలో మాత్రం బాగా పొడుగుంది.

కనిపించింది. ఉందా లేదా అన్నంత మసకగా. నొక్కాను. ఆ తర్వాత ఇంకా మసకది. అదీ కనిపించింది. నాలుగే నాలుగు వెలుతురు నలకలు కంట్లో పడ్డాయి, ఎక్కడో నాలుగు పుల్లలు సాగాయి, నాలుగు కర్రలు పక్కకు జరిగాయి, నా వేలు కదిలింది. పుట్టినప్పటి నుంచీ ఈ పని నా ప్రమేయం లేకుండానే జరుగుతోంది. దండం పెట్టాలనిపించింది. ఎటు తిరిగి పెట్టాలో తెలియలేదు.

"కనపడిందా?" అని చీకట్లో అక్క అడిగింది.

"ఆఁ."

"ఎట్టుంది?"

"సముద్రంలో దూరంగా పడవ దీపం మాదిరి."

అక్క తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది. "అయితే రేపట్నుంచి పొద్దుగూకినాక గుంట నువ్వే చూసుకో," అంది.