బిరీన ఐపొయ్యే కాలేజీ

తిరుత్తణిలో మగ్గం నేసే మా అత్తకు ప్రతి పనీ తొందరగా ఐపోవాలి. బస్సెక్కితే టికెట్టు కంటే ముందు, "ఈ బండి బిరీన పోతాదా అయ్యా?" అని కండక్టరును అడిగేది.

నాకు మెడికల్ సీటు ఖాయమైన వారం తిరువళ్ళూరులోని మా ఇంటినిండా సలహాలే. ఒకరు ఫీజు చూడమన్నారు, ఒకరు హాస్టలు చూడమన్నారు. రోగులు బాగా వచ్చే ఆస్పత్రి ఉన్న కాలేజీలో చేరమన్నారు మా టీచరు. అత్త అడిగింది ఒక్కటే.

"యాడ చేరితే బిరీన ఐపోతాది పాపా?"

"యాడైనా ఐదున్నరేండ్లే అత్తా."

"బస్సుల్లో ఎక్స్‌ప్రెస్సు పెట్టినోళ్ళు, చదువులో పెట్టలేదా?"

ఆ తర్వాత సెలవులకు ఎప్పుడొచ్చినా "ఇంకా ఐపోలేదా?" అనేది. హౌస్ సర్జన్సీలో నిద్రలేక తూలుతూ వచ్చిన రోజూ అదే మాట. పళ్ళు కొరుక్కునేదాన్ని.

ఎంబీబీఎస్ పట్టా తెచ్చిన రోజు అత్త నా ముందు కూర్చుని, కుడికన్ను రెప్ప వేలితో పైకెత్తి చూపింది.

"ఇంక ఈ పొర తీసెయ్."

శుక్లం బాగా ముదిరిపోయింది. ఆ కంటికి పోగు కనబడి ఎన్నాళ్ళయిందో!

"ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించలేదా?"

"ఇంట్లో డాక్టరు తయారవతా వుంటే ఇంకొకరి చేత కోయించుకుంటానా?"

నాకు ఒళ్ళు మండింది. కన్ను కోయాలంటే మళ్ళీ పరీక్ష రాసి, ఇంకో మూడేళ్ళు కంటి చదువు చదవాలని అరిచాను. అత్త నాకంటే గట్టిగా అరిచింది.

"అందుకే గదా ఆ పొద్దే చెప్తిని, బిరీన ఐపొయ్యే కాలేజీలో చేరమని!"