మా ల్యాబ్ సార్‌తో తొమ్మిది ఊళ్లు

మా ల్యాబ్ సార్ పోయారు. పోయిన వారం పుంగనూరు నుంచి వారి అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. కుప్పంలో నేను పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అప్పుడు ఎవరో రాసిన కోడ్ సరిచూస్తున్నాను. ల్యాప్‌టాప్ మూసి బస్సెక్కాను. పలమనేరు దాకా ఏడుపు రాలేదు. సెలవు అడుగుతూ మేనేజర్‌కు పంపిన మెసేజ్‌లో "మా గురువుగారు" అని రాశాను. ఆ మాట ఆయన ఉండగా ఎప్పుడూ అనలేదని గుర్తొచ్చాక ఆగలేదు.

వాళ్లింట్లో నన్ను ఎవరూ గుర్తుపట్టరనుకున్నాను. నా పేరు చెప్పగానే సార్ భార్య నా చెయ్యి పట్టుకుని, పక్కనున్న చుట్టాలకు చూపించింది. "తొమ్మిది ఊళ్లు తిరిగిన బిడ్డ ఈమే. ఇంటికి ఎవురొచ్చినా ఈమె గురించే చెప్పేటోడు." నేను చేసిన పెద్ద తప్పును ఆయన ఇన్నేళ్లూ ఇంట్లో గొప్పగా చెప్పుకున్నారని నాకు ఆ రోజే తెలిసింది. అందుకే మీకూ చెబుతున్నాను.

ఆయన లెక్చరర్ కాదు. మదనపల్లెలో మేం చదివిన కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే అసిస్టెంటు. రోజూ పుంగనూరు నుంచి మొదటి బస్సుకు వచ్చేవారు. శుక్రవారం శుక్రవారం ఒక పాత పెయింటు బ్రష్షుతో కీబోర్డులన్నీ దులిపేవారు. అబ్బాయిలను అప్పా అని, మమ్మల్ని అమ్మా అని పిలిచేవారు. కోపం వస్తే మాత్రం "మేడమ్" అనేవారు. మేడమ్ అన్నారంటే ఆ రోజు కోడంతా మళ్లీ రాయాల్సిందే.

మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటి మనిషిని నేను. మాది నిమ్మనపల్లె పక్కన పల్లె. అమ్మ మదనపల్లె టమోటా మండీలో కాయలు ఏరే పనికి పోతుంది. కాలేజీలో మొదటి నెల, మౌస్ పట్టుకుంటేనే నా అరచెయ్యి తడిసేది. ఒకరోజు ఫైల్ తెరుచుకోవడం లేదని సార్‌తో చెప్పాను. యాడ ఉండాదన్నారు. ఈడే ఉంది సార్ అన్నాను.

"ఈడ అంటే యాడమ్మా? నువ్వు ఈ కుర్చీలో కూర్చోని ఈడ అంటాండావు. ఆ ప్రోగ్రాం ఇంగో ఫోల్డర్‌లో కూర్చోని ఉండాది. దానికి ఈడ అంటే వేరే."

తర్వాత తెల్ల కాగితం ఇచ్చి మా ఇంటికి దారి రాయమన్నారు, జిల్లా దగ్గర మొదలుపెట్టి వాకిలి దాకా. నేను వీధి పేరు వదిలేశాను. పాపం పోస్టుమ్యాన్ ఇంకా తిరుగుతానే ఉంటాడని నవ్వారు. కంప్యూటర్‌లో ఫైలు దాకా పోయే దారిని పాత్ అంటారు. అదేమిటో నాకు ఆ కాగితం మీదే తెలిసింది.

చివరి సంవత్సరంలో మా బ్యాచ్ చేతికి నిజమైన పని వచ్చింది. అమ్మాయిల హాస్టల్ సీట్లకు దరఖాస్తులు తీసుకునే వెబ్‌సైటు. ముందే సిద్ధంగా దొరికే కోడ్ చట్రం, ఫ్రేమ్‌వర్క్ మీద కట్టాం. అందులో ఫైళ్ల పని నాది. ఒక్కో పనికి ఒక్కో కోడ్ ముక్క, దాన్నే ఫంక్షన్ అంటాం. వచ్చిన సర్టిఫికెట్‌ను ఎక్కడ దాచాలో దారి కట్టడానికి ఒక ఫంక్షన్, దాచడానికి ఒకటి, అక్కర్లేనిది తుడవడానికి ఒకటి. నేను రాసి పెడితే మిగతావాళ్లు వాటిని పిలిచి వాడుకుంటారు. పని అప్పగిస్తూ సార్ ఒకే మాట అన్నారు: "నీ ఫంక్షన్ లోపల ఏముండాదో ఎవురూ తెరిచి సూడరమ్మా. నిన్ను నమ్మి పిలుస్తారు, అంతే."

తుడిచే ఫంక్షన్‌ను నేను ఇలా రాశాను. దరఖాస్తుల ఫోల్డర్ పేరుకు ఫైల్ పేరు చేర్చాలి. ఆ దారి చివర ఏది ఉంటే దాన్ని తుడవాలి. ఒక అమ్మాయి ఏ ఫైలూ ఎంచుకోకుండా తుడిచే బటన్ నొక్కింది. పేరు ఖాళీగా వచ్చింది. ఫోల్డర్‌కు ఏమీ చేర్చకపోతే దారి ఫోల్డర్ దగ్గరే ఆగిపోతుంది కదా. నా ఫంక్షన్ ఫోల్డర్‌నే తుడిచేసింది. ముప్పై మందికి పైగా అమ్మాయిల సర్టిఫికెట్లు పోయాయి. గడువు నాలుగు రోజులే ఉంది. సెలవులు కాబట్టి అందరూ ఊళ్లలో ఉన్నారు. సీటు రాకపోతే వాళ్లలో ఎంతమంది మళ్లీ కాలేజీకి రారో నాకు తెలుసు. నేనూ అలాంటి సీటు దొరికితేనే చదివాను.

సర్వర్ పాడైందని నోటీసు పెడదామని మా బ్యాచ్‌వాళ్లు అన్నారు. నాకూ అదే బాగుందనిపించింది. సార్ ఒప్పుకోలేదు.

"సర్వర్ బాగానే ఉండాది. పేరు ఖాళీనా కాదా అని నువ్వు సూడలే. రోజూ కాపీ తీయాల్సినోణ్ని నేను, వారం నుంచి తీయలే. సగం నీది, సగం నాది. పద, పోదాం."

ఫోన్‌లో దొరికినవాళ్లు సర్టిఫికెట్ల ఫొటోలు మళ్లీ పంపారు. తొమ్మిది మంది దొరకలేదు. దరఖాస్తుల్లో ఉన్న అడ్రసులు పట్టుకుని ఆ తొమ్మిది ఊళ్లకు సార్, నేను బయలుదేరాం, పుంగనూరు చుట్టుపక్కల మొదలుపెట్టి కుప్పం దాకా. బస్సు ఉన్నచోట బస్సు, లేనిచోట ఆటో, అదీ లేకపోతే నడక. ప్రతి వాకిట్లో జరిగింది నేనే చెప్పాలి. మొదటి ఇంట్లో సార్ వైపు తిరిగి చూశాను. సార్ ఒక అడుగు వెనక నిలబడ్డారే కానీ నా బదులు మాట్లాడలేదు. పుంగనూరు దగ్గర ఒక తాత, కంప్యూటర్‌కు మతిమరుపు ఉండదంటిరే అని ఎగతాళి చేసి మరీ కాగితాలు ఇచ్చాడు.

చివరి ఇల్లు కుప్పం అవతల. ఆ అమ్మాయి తల్లి పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోస్తోంది. ఒకసారి ఇచ్చినాం గదా, మళ్లా యాలని అడిగింది. నేను రాసిన దాంట్లో తప్పు వల్ల పోయాయని చెప్పాను. నువ్వా రాసింది, ఎవురి బిడ్డవని అడిగింది. చెప్పాను. మండీ మాట వినగానే కొడవలి కింద పెట్టి సార్ వైపు తిరిగింది.

"కాయలేరే ఆమె బిడ్డ చేతిలో ఇంతమంది కాగితాలు పెట్టినారా?"

"పెట్టినామమ్మా. మళ్లా పెడతాం," అన్నారు సార్.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "మా ఇంట్లో ఇంత పెద్ద తప్పు చేసేంత పని ఎవురికీ ఎవురూ ఇయ్యలేదు. నా బిడ్డకిస్తారా ఇట్లాంటి పని?" అని లోపలికి పోయి సర్టిఫికెట్ల కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. సార్ చేతికి కాదు.

గడువులోగా అన్నీ చేరాయి. ఆ తొమ్మిది మందికీ సీట్లు వచ్చాయి.

కానీ ఆ కాగితాలు ఎక్కించే ముందు ఆ ఫంక్షన్ సరికావాలి. తిరిగొచ్చిన రోజే మళ్లీ రాశాను. పేరు ఖాళీగా ఉంటే తుడవకూడదు. దారి ఫోల్డర్ దగ్గరే ఆగినా, ఫోల్డర్ దాటి బయటికి పోయినా తుడవకూడదు. సార్ ముందుగా అన్నిటికీ కాపీ తీశారు. ఇక అసలు ఫోల్డర్ మీదే, ఖాళీ పేరుతో, అందరి ముందూ నొక్కి చూడాలి. ఆ ల్యాబ్‌లో ఎవరు ఏది తుడిచినా వెనక నిలబడి, తెర మీది దారిని పైకి చదివి, ఊఁ అన్నాకే నొక్కనిచ్చే మనిషి ఆయన. ఊఁ అంటారేమోనని వెనక్కి చూశాను. కుర్చీ వెనక లేరు.

చెప్పులు వేసుకుని వరండాలోకి పోయారు. మాకు వీపు పెట్టి, చేతులు వెనక కట్టుకుని, రోడ్డు మీద బారుగా పోతున్న టమోటా లారీలను చూస్తూ నిలబడ్డారు. నేను నొక్కాను. "పేరు లేదు, ఏదీ తుడవలేదు" అని తెర మీద వచ్చింది. మావాళ్లు చప్పట్లు కొట్టారు. సార్ వెనక్కి తిరగలేదు. ఇంకో లారీ వచ్చింది, అది మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నారు.