మోకాళ్లు తాకట్టు పెట్టిన పొదుపు

పేదవాళ్లకు ఖర్చు పెట్టడం చేతకాదని తీర్పులు చెప్పే మీరే ఈ పాపంలో భాగస్తులు.

ఈ రోజు మా ఊరు కొనకనమిట్లలో మా వీధి ఆడవాళ్ల గ్రూపు అప్పు వసూలు జరిగింది. ఒకరు కట్టకపోతే మిగిలినవాళ్లే కట్టాలి; అందుకే వసూలుకొచ్చినవాళ్లు గ్రూపు మొత్తాన్నీ వెంటేసుకొచ్చి, కట్టనివాళ్ల ఇంటి ముందు కూర్చుంటారు. అందరికంటే ముందు కంతు చెల్లించింది మా ఎదురింటి మరియమ్మత్త, కూలి మనిషి. వసూలుకొచ్చిన ఉద్యోగి మురిసిపోయి, ఎలా మిగిల్చావని అడిగాడు.

"క్యాన్ నీళ్లు మానేసినా సార్. బోరు నీళ్లే తాగుతున్నా."

"చూడండమ్మా, పొదుపంటే ఇదీ!" అంటూ అందరితో చప్పట్లు కొట్టించాడు.

ఫ్లోరైడ్ ఉన్న ఆ బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగే ఆమె మోకాళ్లు ఇదివరకే బిగుసుకుపోయాయి. నేను ఉండబట్టలేక అడిగాను.

"ఏందత్తా ఇది? మోకాళ్ల సంగతేంది?"

"మోకాళ్లు మనుషుల్ని ఎంటేసుకొని ఇంటి ముందుకొచ్చి కూసోవు గదా అల్లుడా!"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మీకు వస్తే కింద రాయండి. రాసేముందు నా డిమాండ్లు చదవండి:

ప్రతి ఇంటికీ మంచినీళ్లు రావాలి.
వచ్చేదాకా క్యాన్ ఉచితంగా ఇవ్వాలి.
వసూలు కోసం ఇళ్ల ముందు కూర్చోవడం ఆపాలి.
పొదుపు పాఠాలు చెప్పేవాళ్లు ముందు ఒక నెల మా బోరు నీళ్లు తాగాలి.