కత్తెర పడని నోటుపుస్తకాలు

గత శుక్రవారం పొద్దున మా టైలర్ మాస్టర్ చనిపోయారు. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఛాతీలో ఏదోలా ఉందన్నారట. ఆటో వచ్చేలోపే అయిపోయింది. ఆయన కూతురు ఫోన్లో ఈ మాట చెబుతుంటే నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఎందుకో మీకు చెప్పుకోకపోతే నాకు స్థిమితం ఉండేలా లేదు.

రెజిమెంటల్ బజార్లో ఒక సందు చివర ఆయన దుకాణం. మా అమ్మ జాకెట్లు ఆయనే కుట్టేవారు, తర్వాత నావీ. పాత కొలత నాకు పట్టకపోతే "బట్ట ఉతికితే దగ్గరవడ్డది బేటీ" అనేవారు తప్ప, లావయ్యావని ఒక్కనాడూ అనలేదు. నేను కథలు రాస్తానని తెలిశాక మిగతా కస్టమర్ల కన్నా నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టేవారు. రాసేవాళ్లంటే ఆయనకు అదో గౌరవం. ఆయనకు అంకెలే వచ్చు, కొలతలు రాసుకునేంత వరకు. అక్షరాలు నేర్చుకోవాల్సిన వయసులో పని నేర్పే ఉస్తాద్ దగ్గర కూర్చుని కాజాలు కుట్టారు.

ఇక నా జబ్బు సంగతి. నోటుపుస్తకం కనిపిస్తే కొనకుండా ఉండలేను. బీరువాలో చీరల కింద ఇరవై దాకా ఉంటాయి, ఒక్కదానిలోనూ అక్షరం ముక్క ఉండదు. రాసేది మాత్రం కరెంటు బిల్లుల వెనక, పెళ్లి కార్డుల వెనక. రాసే స్నేహితులను కదిపితే అందరిదీ ఇదే వరస. ఒకరోజు మాస్టర్ దగ్గర బయటపడ్డాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు.

"గిదేం కొత్త బీమారి కాదు బేటీ. మంచి పట్టుబట్ట కొని, కుట్టియ్యకుండ బీరువాల దాసుకునేటోళ్లు నాకు మస్తు మంది తెలుసు. బట్ట థాన్ల ఉన్నంతసేపు ఎవరికైనా సరిపోతది. కత్తెర పెట్టినంకనే కదా, గిది పొట్టి, గది టైట్ అని లొల్లి షురూ అయ్యేది."

రాసేవాళ్లు నోటుపుస్తకాలు ఎందుకు పోగేస్తారని ఎవరైనా అడిగితే ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు. ఖాళీ పుస్తకంలో నేను రాయబోయే కథ ఎప్పుడూ బాగానే ఉంటుంది. మొదటి వాక్యం రాశానో, ఇక అది నేను రాసిన కథే.

మందు కూడా ఆయనే వేశారు. కస్టమర్ ఇచ్చిన బట్టలోంచి ముందు ఒక మూల చిన్న ముక్క కత్తిరించి, కొలతల పుస్తకంలో ఆ కొలతల పక్కన పిన్ను కొట్టడం ఆయన పద్ధతి, ఏ కొలత ఏ బట్టదో తెలియాలని. నా కొత్త పుస్తకం అడిగి తీసుకుని, మొదటి పేజీ మూలను అలాగే కత్తిరించేశారు. నా ప్రాణం ఉసూరుమంది.

"ఇగ కట్ అయింది. దుకాణమాయన సుత వాపస్ తీసుకోడు. రాసుకో పో."

ఆ పుస్తకం నిండింది. ఆ తర్వాత తీసుకెళ్లినవీ నిండాయి. "కత్తెర పెట్టేముందు చెయ్యి వణకాలె, పెట్టినంక వణకొద్దు" అనేవారు. నా చెయ్యి ముందూ వణికేది, తర్వాతా వణికేది, అయినా ఏదో ఒకటి రాసేదాన్ని.

రెండేళ్ల కిందట ఆయన గుండెకు స్టెంటు వేశారు. మళ్లీ దుకాణానికి వచ్చిన వారంలోనే నన్ను పిలిచారు.

"మనవరాలు చిన్నది బేటీ. నేను పోతే నా మొఖం ఫోటోల చూస్తది. నా మాట ఏడ వింటది? నేను చెప్త, నువ్వు జెర రాసిపెట్టు. పెద్దగైనంక చదువుకుంటది."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పకుండా అన్నాను. అట్నుంచి అటే వెళ్లి ఒక నోటుపుస్తకం కొన్నాను.

అది గీతలది. ఆయన మాటలకు గీతలు బాగుండవనిపించింది. ఇంకోటి కొంటే దాని కాగితం పలచన. మూడోది గుడ్డ అట్టది, చేత్తో నిమిరితే మెత్తగా ఉండేది. మాస్టర్ దాన్ని చూసి అలవాటుగా కత్తెర అందుకున్నారు. నేను పుస్తకం లాక్కున్నాను. "వద్దు మాస్టర్, ఇది మీకోసం కొన్నది!"

ఆయన కత్తెర బల్ల మీద పెట్టేశారు. ఆ రోజు నా మాట వినకుండా కత్తిరించి ఉంటే ఎంత బాగుండేదో.

శనివారం మధ్యాహ్నాలు ఆయన హెమ్మింగ్ చేస్తూ చెప్పేవారు, నేను స్టూలు మీద కూర్చుని వినేదాన్ని. పుస్తకం సంచిలోనే ఉండేది. అంతా విన్నాక ఒక వరసలో పెట్టి, ఫెయిర్‌గా రాయాలని నా ఉద్దేశం.

"రాస్తున్నవా?" అని అడిగేవారు.

"మనసులో రాసుకుంటున్నా మాస్టర్."

"మనసుల రాసింది చాక్ గీత బేటీ. దులిపితే పోతది."

నేను నవ్వేసి వచ్చేదాన్ని. నా తెలివి అలా ఏడ్చింది.

మూడో రోజు ఫాతెహా ప్రార్థనకు వాళ్లింటికి వెళ్లాను. దారి పొడుగునా ఒకటే గుబులు, అడుగుతారేమోనని. ఆయన కూతురు వచ్చి నా పక్కనే కూర్చుంది.

"మా అబ్బా ఎప్పుడూ అంటుండె అక్కా, నాకేం ఫికర్ లేదు, అంత ఆమె కాడ రాసి ఉన్నదని. నిమ్మళంగ ఇయ్యుండ్రి. పిల్లకు నేనే చదివి వినిపిస్త."

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. ఇంకా ఫెయిర్ చేయాలి, రెండు నెలలు పడుతుందని చెప్పొచ్చు. ఈలోగా గుర్తున్నది రాసి, గుర్తులేనిది కల్పించొచ్చు. కథలు రాసేదాన్ని, కనిపెట్టేవాళ్లెవరు? పాప తల్లి ఒళ్లో చేరి నా మొహంలోకే చూస్తోంది.

"నేను ఒక్క ముక్క కూడా రాయలేదు," అన్నాను. "మంచి పుస్తకం కోసం చూస్తూ కూర్చున్నాను."

"ఒక్కటి సుత?"

"ఒక్కటి కూడా."

ఆమెకు కోపం వచ్చింది, రావాల్సిందే. కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఉస్తాద్ ఏ గల్లీల ఉంటుండెనో మీకు చెప్పిండు కదా, అదన్న యాదున్నదా?" అంది.

చెప్పారు. రెండుసార్లు చెప్పారు. నాకు లాలాగూడ అన్నంత వరకే గుర్తుంది. ఎంత వెతుక్కున్నా గల్లీ పేరు రాలేదు.

"లాలాగూడ," అన్నాను. "మాస్టర్ అక్కడికి సైకిల్ మీద పోయేవారట."

"సైకిల్ మా చాచాది. అబ్బా నడుసుకుంట పోతుండె." అని ఆమె ఆగింది. "గిది రాయుండ్రి అక్కా, ఇప్పుడే. రేపటికి నేను సుత మర్చిపోత."

ఇంట్లో అన్ని పుస్తకాలున్న మనిషిని, ఆ రోజు సంచిలో ఒక్కటీ లేదు. ఆమె గోడ క్యాలెండర్లోంచి అయిపోయిన నెలలు చించి ఇచ్చింది, వెనకవైపు తెల్లగా ఉన్నాయి. పెన్నూ ఆమెదే. నేను చెప్పింది ఆమె సరిదిద్దింది, ఆమెకు సగమే తెలిసింది నేను అందుకున్నాను. మాస్టర్ తనకోసం కుట్టుకున్న మొదటి చొక్కాకు ఒక చెయ్యి పొట్టిగా వచ్చిందట, రెండు చేతులూ మడిచి ఏడాదంతా తొడుక్కున్నారట. కొట్టివేతలతో, వంకర టింకర అక్షరాలతో రాశాను. ఇద్దరికీ గుర్తురాని చోట ఖాళీ వదిలాను. గల్లీ పేరు దగ్గర ఖాళీనే ఉంది.

అయిపోయిన నెలలు నిండాయి. ఈ నెల కూడా నిండింది. ఇక కాగితం లేదని నేను పెన్ను మూస్తుంటే, "ఆపకుండ్రి అక్కా" అంటూ ఆమె లేచి, ఇంకా రాని నెలను గోడ మీంచి చించి నా ముందు పెట్టింది.