ఆ ఏడాది కట్టని స్టార్

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పుకుని బతికేవాణ్ణి. "సార్, మా హాస్టల్లో దయ్యం ఉందంట" అని ఎవడైనా అంటే, దాన్ని రేపు క్లాసుకి తీసుకురా, రెండు ఇంటిగ్రేషన్లు చేయించి పంపిస్తాను అనేవాణ్ణి. ఇప్పటికీ నా అభిప్రాయం మారలేదు. కింద రాస్తున్నది దయ్యం సంగతి అని నేను అనడం లేదు. ఏమనాలో తెలియకే రాస్తున్నాను.

మాది చేనేత కుటుంబం. నా భార్య ఎస్తేరు క్రైస్తవుల అమ్మాయి. ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాం. నేను గుడికీ వెళ్ళను, చర్చికీ వెళ్ళను. ఆమె ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళేది, వచ్చేటప్పుడు నాకు బిర్యానీ పొట్లం తెచ్చేది. దేవుడి విషయంలో మా ఇద్దరి మధ్యా ఉన్న ఒప్పందం అంతే. పిల్లలు లేరు. కాపురం విజయవాడ పటమటలో, ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో.

నాకున్న పిచ్చి ఆకాశం. టెలిస్కోపుకి కెమెరా తగిలించి, దూరపు గెలాక్సీలను ఫోటోలు తీస్తాను. విజయవాడలో అది కుదిరే పని కాదు. హైవే దీపాలు, హోర్డింగులు, ఫంక్షన్ హాళ్ళ ఫోకస్ లైట్లు కలిసి మా ఆకాశాన్ని ఎప్పుడో కామెర్ల రోగిని చేసి పెట్టాయి. అందుకని క్రిస్మస్ సెలవులు రాగానే సామానంతా కారులో వేసుకుని, హనుమాన్ జంక్షన్ దాటి లోపలికి, ఎస్తేరు పుట్టింటికి పోయేవాళ్ళం.

అక్కడ ఆమె తమ్ముడు జాన్‌బాబు, అతని భార్య సలోమి వ్యవసాయం చేసుకుంటూ ఉంటారు. ఊరికి ఎడంగా, కాలవ గట్టు పక్కన, పొలాల మధ్య ఒంటరి ఇల్లు. చుట్టూ కోతలయిపోయిన వరి చేలు. చీకటి అంటే ఎలా ఉండాలో అలా ఉంటుంది.

ఆ చీకట్లో నాకు ఒకే ఒక్క శత్రువు. ఎస్తేరు స్టార్.

డిసెంబరు రాగానే క్రైస్తవుల ఇళ్ళ మీద స్టార్ వెలుగుతుందని మీకు తెలిసిందే. అందరూ జంక్షన్లో రెడీమేడ్ స్టార్లు కొనుక్కుంటారు. ఎస్తేరుకి అవి పనికిరావు. వాళ్ళ నాన్న చేసిన వెదురు బద్దల స్టారే కావాలి. దాని మీద ఎర్ర గ్లేజు కాగితం, లోపల పాతకాలం పసుపు బల్బు. బద్దలు పాతవే, కాగితం మాత్రం ఏటేటా చించేసి కొత్తది అంటించేది. మైదా జిగురు ఉడకబెట్టుకుని, కొంగు దోపుకుని, వరండాలో చాప మీద ఒక పూటంతా అదే పని. తర్వాత తమ్ముడి చేత డాబా మీద వాటర్ ట్యాంకు పక్కనున్న ఇనప గొట్టానికి కట్టించేది.

నా టెలిస్కోపు పెరట్లో. కొబ్బరి మట్టలు అడ్డం రాని చోటు అదొక్కటే. డాబా మీంచి ఆ స్టార్ వెలుగు వాలుగా దిగి టెలిస్కోపులోకి దూరేది. ప్రతి ఫోటోలోనూ కుడివైపు కింది మూల ఎర్రటి మరక.

"పైన ఇన్ని నక్షత్రాలుండగా ఈ కాగితం నక్షత్రం ఎందుకే నా ప్రాణానికి?" అని నేను విసుక్కునేవాణ్ణి.

"మీ గెలాక్సీ కనపడాలంటే కంప్యూటరు కావాలండీ. నా స్టార్ కాలవ అవతల గేదెలకి కూడా కనపడుద్ది" అనేది.

చివరికి ఒక రాజీకి వచ్చాం. సాయంత్రం ఇంట్లో కుటుంబ ప్రార్థన అయ్యేదాకా స్టార్ వెలగాలి. ఆమెన్ అనగానే తనే బయటికి వచ్చి స్విచ్ ఆపేస్తుంది. అక్కడి నుంచి ఆకాశం నాది. వాళ్ళింట్లో ప్రార్థన అంటే తొందరగా తేలే వ్యవహారం కాదు. పాటలు, బైబిలు వాక్యం, ఊళ్ళో జబ్బుపడ్డ వాళ్ళందరి పేర్లు. నేను ఒక్కసారి కూడా లోపల కూర్చోలేదు. పెరట్లో మంకీ క్యాప్ పెట్టుకుని కూర్చుంటే కిటికీలోంచి ఆమె గొంతు వినిపించేది. అన్నీ అయ్యాక చివర్లో, "ప్రభువా, బయట మంచులో కూర్చున్న మా ఆయన్ని కూడా చల్లగా చూడు" అనేది. లోపల అందరూ నవ్వేవారు. నేనూ బయట నవ్వుకునేవాణ్ణి.

ఈ ఫోటోలు తీసే పద్ధతి కొంచెం చెప్పాలి. గెలాక్సీ ఒక్క ఫోటోలో రాదు. కెమెరా ఐదేసి నిమిషాలు కన్ను తెరుచుకుని ఒక్కో ఫోటో తీస్తుంది. దాన్ని ఫ్రేము అంటాం. అలాంటివి వందల కొద్దీ తీసి, కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేరిస్తే, అప్పటికి ఆ వెలుగు పోగై బొమ్మ కడుతుంది. మా ఆఖరి డిసెంబరులో నేను మొదలుపెట్టింది మీన రాశిలో ఉన్న ఎమ్ 74 అనే గెలాక్సీ. చాలా మసక. దాని వెలుగు మన దాకా రావడానికి మూడు కోట్ల ఏళ్ళ పైనే పడుతుందని చెబితే ఎస్తేరు బుగ్గన చెయ్యి పెట్టుకుని, "అయితే ఇప్పుడు అది ఉందో లేదో కూడా మీకు తెలీదన్నమాట. దానికోసమా ఈ చలి!" అంది.

"ఒక్క ఏడాది నీ స్టార్ లేకుండా చూడు, ఎంత శుభ్రంగా వస్తుందో చూపిస్తాను" అన్నాను.

"చూద్దాం లెండి" అంది.

మామూలు వేళాకోళం. ఏటా అనుకునే మాటే. ఆ ఏడాది మబ్బులు పట్టి బొమ్మ సగంలో ఆగిపోయింది. మిగతా సగం వచ్చే క్రిస్మస్‌కి అనుకున్నాం.

ఆ వానాకాలంలో ఎస్తేరుకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. ఆస్పత్రిలో చేర్చాక వారం తిరగలేదు. దాని గురించి ఇంతకంటే రాయడం నా వల్ల కాదు.

డిసెంబరులో జాన్‌బాబు ఫోన్ చేశాడు. "బావగారూ, ఈ ఏడు పండగ చేయట్లేదండీ. స్టార్ కూడా కట్టట్లేదు. మీరు మాత్రం రండి. రాకపోతే మాకు అక్కా లేదు, మీరూ లేరన్నట్టుంటది" అన్నాడు.

వెళ్ళాను. సగంలో ఆగిన ఆ గెలాక్సీ పూర్తి చేయాలి. మేమిద్దరం కలిసి మొదలుపెట్టి ముగించని పని అదొక్కటే మిగిలింది. ఆ బొమ్మ పూర్తయితే నాకు ఏం ఒరుగుతుందో నాకే తెలియదు. కానీ అది కూడా సగంలో పోతే తట్టుకోలేను అనిపించింది.

చీకటి పడేసరికి పెరట్లో అన్నీ సిద్ధం చేసుకున్నాను. డాబా మీదికి చూశాను. ఉత్త ఇనప గొట్టం. మొదటి ఫ్రేములు లాప్‌టాప్‌లో తెరిచి చూస్తే, ఎర్ర మరక లేదు. మూల నుంచి మూల దాకా నల్లటి ఆకాశం. ఇన్నేళ్ళలో ఆ పెరట్లో ప్రార్థన కాకముందే అంత శుభ్రమైన ఫ్రేము నాకు ఎప్పుడూ రాలేదు. నేను అడిగిందే నాకు దొరికింది. అది చూసి కుర్చీలో కూలబడి, ఎవరూ చూడటం లేదు కదా అని, చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

కాసేపటికి సలోమి తలుపు దగ్గరికి వచ్చింది. "అన్నయ్యగారూ, ప్రార్థనకి కూర్చుంటున్నామండీ. మీకు చెప్పి వెళ్దామని" అంది. ఏమైందో, కెమెరాని దాని మానాన వదిలేసి, చెప్పులు విడిచి నేనూ లోపలికి వెళ్ళాను. వాళ్ళు చాప మీద చోటిచ్చారు.

పాటలు అయ్యాయి, వాక్యం అయ్యింది. జాన్‌బాబు ప్రార్థన చేశాడు. జబ్బుపడ్డ వాళ్ళ పేర్లన్నీ వచ్చాయి. ఆ తర్వాత అతను ఆగిపోయాడు. అక్కడ ఎస్తేరు మాట ఉండేది. బయట మంచులో కూర్చున్న మా ఆయన్ని అనే మాట. అనేవాళ్ళు లేరు, నేనేమో లోపలే ఉన్నాను. సలోమి ఏడుపు ఆపుకోలేకపోయింది. చాలాసేపటికి జాన్‌బాబు ఆమెన్ అన్నాడు. నేనూ అన్నాను.

బయటికి వచ్చి చూస్తే కెమెరా తన పని తాను చేసుకుంటూనే ఉంది. ఎక్కడా ఏ తేడా లేదు. మంచు దిగేదాకా ఉండి సామాను సర్దేశాను.

మర్నాడు మధ్యాహ్నం పటమటలో, కంప్యూటర్ ముందు కూర్చుని ఫ్రేములు ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టాను. మొదటివి శుభ్రం. ఆ తర్వాతది తెరిచాను. కుడివైపు కింది మూల ఎర్రటి మరక.

ఆ తర్వాతి దాంట్లోనూ ఉంది. దాని తర్వాతి దాంట్లోనూ. అలా ఒక వరస. మళ్ళీ ఒక్కసారిగా శుభ్రం, చివరిదాకా. కెమెరా ప్రతి ఫ్రేము మీదా సమయం వేస్తుంది. మరక మొదలైంది నేను లోపలికి వెళ్ళాక. ఆగింది మేం ఆమెన్ అన్నాక.

నేను మొదట చేసిన పని నన్ను నేను తిట్టుకోవడం. పోయినేటి ఫ్రేములు ఇందులో కలిసిపోయి ఉంటాయి, బుర్ర పనిచేయడం లేదు అనుకున్నాను. కానీ ఈ ఏడాది నా కెమెరా లోపల పెద్దది చేసి చూస్తే గానీ కనపడని ఒక కొత్త దుమ్ము మచ్చ పడింది. పోయినేటి వాటిలో అది లేదు. ఈ ఎర్ర ఫ్రేముల్లో ఉంది. అవి ఆ సాయంత్రం తీసినవే.

అప్పటికప్పుడు టెలిస్కోపూ కెమెరా కారులో వేసుకుని మళ్ళీ ఊరు వెళ్ళాను. స్టార్ ఎక్కడుందని జాన్‌బాబుని అడిగితే నిచ్చెన వేసి అటక మీంచి దింపాడు. ఉత్త వెదురు బద్దలు. పాత కాగితం ఎస్తేరే పోయిన జనవరిలో చించేసింది. అంచుల్లో అక్కడక్కడ జిగురు చారలు మాత్రం ఉన్నాయి. హోల్డర్లో బల్బు లేదు. వైరు చుట్ట చుట్టి, ఆమె జడ రబ్బరు బ్యాండుతో బిగించి ఉంది.

రాత్రి ప్రార్థన అయ్యాక టెలిస్కోపు పెరట్లో పెట్టి, జాన్‌బాబు స్కూటీని దారి మీద నాలుగైదు చోట్ల నిలబెట్టి వెనక లైటు వెలిగించి చూశాం. ఎర్ర కాగితం చుట్టిన టార్చి పట్టుకుని చూశాం. అవన్నీ కింది నుంచి వచ్చే వెలుగులు, మరక ఇంకో మూల పడుతోంది. నాకొచ్చిన మరక పైనుంచి, ట్యాంకు వైపు నుంచి దిగింది. కాలవ అవతల ఇంటివాళ్ళ స్టార్ పచ్చది, పైగా మధ్యలో కొబ్బరి తోట. పోయినేటి ఎర్ర ఫ్రేముల్నీ వీటినీ కలిపేసి, ఏది ఏ ఏడాదిదో పోల్చుకుందామని చూశాను. దుమ్ము మచ్చ లేకపోతే నేను చెప్పగలిగేవాణ్ణి కాదు.

"అక్కేనండీ" అన్నాడు జాన్‌బాబు. అంతే. అతనికి అనుమానమే లేదు.

నాకు కోపం వచ్చింది. వీళ్ళకి ఎంత సులువు! నాకూ అలా అనేయాలని ఎంత ఉందో ఎవరితో చెప్పుకోను?

ఇలాంటి మరకను కంప్యూటర్లో ఒక్క నొక్కుతో తీసేయొచ్చు. ఏటా తీసేసేవాణ్ణి. ఈసారి వేలు ఆడలేదు. మరకను ఉంచేసి బొమ్మ పూర్తి చేశాను. మా ఆకాశం పిచ్చోళ్ళ గ్రూపులో పెడితే, "అద్భుతం సార్, కుడి మూల ఎరుపు మిగిలిపోయింది, చూసుకోండి" అని ఒకాయన రాశాడు. అలాగే ప్రింటు తీయించి హాల్లో పెట్టుకున్నాను.

మరుసటి డిసెంబరు వచ్చింది. జాన్‌బాబు మళ్ళీ ఫోన్ చేశాడు. "ఏడాది తిరిగింది కదండీ. స్టార్ కట్టమంటారా, వద్దంటారా బావగారూ?"

ఇంకొక్క ఏడాది కట్టకుండా అదే పెరట్లో మళ్ళీ తీస్తే సంగతి తేలిపోతుంది. జీవితమంతా పిల్లలకు రుజువులు రాయించినవాణ్ణి, నాకు తెలియదా? కానీ తీశాక మరక రాకపోతే? నాకు ఆమె రెండోసారి కూడా పోయినట్టే కదా. ఆ పని నేను చేయలేను.

కట్టండి అన్నాను. నేనే ముందుగా వెళ్ళాను. జంక్షన్లో ఎర్ర గ్లేజు కాగితం, బల్బు కొన్నాను. సలోమి మైదా జిగురు ఉడకబెట్టింది. వరండాలో చాప మీద కూర్చుని అంటించాను. అంతా ముడతలే. ఎస్తేరు చూస్తే నవ్వి చచ్చేది.

ఇప్పుడు ఫోటోలో మరక వస్తుంది. ఎందుకు వస్తుందో ఎవరైనా చెప్పగలరు. అంతకుముందు ఏడాది ఎందుకొచ్చిందో మాత్రం ఈ రోజుకీ నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఉన్న ఒక్క దారినీ నా చేతులతో నేనే మూసుకున్నాను.

ఆ సాయంత్రం ప్రార్థనలో ఆమెన్ అయ్యాక స్టార్ ఆపడానికి నేనే లేచాను. స్విచ్ మీద వేలు పెట్టి కాసేపు నిలబడ్డాను.

"ఆపలేదేంటి అన్నయ్యగారూ? మీ ఫోటో పాడైపోద్దిగా" అంది సలోమి వెనక నుంచి.

"పాడైపోనీలే అమ్మా" అన్నాను.

ఆ రోజు స్టార్ తెల్లవార్లూ వెలిగింది.