సగంలో ఆగిన బర్రె కథ

మా పక్కింటి అక్క చనిపోయి ఇంకా నెల కాలేదు. పొద్దున బర్రె పాలు పితికి, చెంబు గట్టు మీద పెట్టి, గోడకు ఆనుకొని కూర్చుంది. ఇక లేవలేదు. ఆమె కోడలి కేక విని ఉరికాను. దవాఖానకు తీసుకుపోయే పని కూడా పెట్టలేదు. వాళ్ల లింగాయత ఆచారం ప్రకారం కూర్చోబెట్టి, నుదుట విభూతి పెట్టి, పూలు కప్పి మట్టిలో పెట్టారు. నేనూ పిడికెడు మన్ను వేసి వచ్చాను.

తోడబుట్టిన అక్క కాదు. బీదర్ దిక్కు నుంచి మా నారాయణఖేడ్‌కు కోడలిగా వచ్చిన కన్నడ మనిషి. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. నా భార్య పోయినప్పటి నుంచి ఆ గోడ మీదుగానే నాకు జొన్నరొట్టె వచ్చేది. "మూతి బిగించుకొని కూసోకు తమ్మీ, మాట్లాడకుంటె నాలుక మొద్దువారుతది" అనేది. తెల్లారకముందే లేచేది. గోడ అవతల కన్నడంలో సన్నగా గొణుగుడు వినిపించేది. లింగపూజ చేసుకుంటుందనుకునేవాణ్ణి. ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. అడిగే గుణం నాకు లేదు. నాది చెప్పే గుణం.

పోయినేడు ఒక కన్నడ కథల పుస్తకానికి లండన్‌లో పెద్ద బహుమతి వచ్చింది. ఆ రోజు అక్క కన్నడ పేపరు చంకలో పెట్టుకొని, పేడాల డబ్బాతో మా వాకిట్లోకి వచ్చింది.

"తమ్మీ, నోరు తెరువు."

"ఏందక్కా, మనుమడు పుట్టిండా?"

"కన్నడం గెల్చింది! దునియల ఉన్న పుస్తకాలన్నిట్ల మనది గెల్చింది. ఇండ్లల్ల ఆడోళ్ల కథలంట. రాసినామెకు సగం, ఇంగ్లీషులకు మార్చినామెకు సగం. ఇద్దరూ ఆడోళ్లే!"

"ఆడోళ్ల కథలకు బహుమతేంది? నల్లా కాడికి నీళ్లకు పోతె రోజూ ఇనొస్తయ్" అన్నాను. పేడా మాత్రం తిన్నాను.

నేను కళ్లు చూపించుకోవడానికి బీదర్ పోతున్నానని తెలిసి, ఆ పుస్తకం తెమ్మంది. పేరు మళ్లీ మళ్లీ చెప్పింది. బస్సు దిగేసరికి మరిచిపోయాను. దుకాణంలో అడిగితే అయిపోయేది. చదువు రానివాడికి పుస్తకమెందుకన్నట్టు చూస్తాడని అడగలేదు. మూడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. కన్నడ అక్షరాలు మన అక్షరాల్లాగే కనబడతాయి, ఆ ధైర్యంతో నేనే ఏరాను. ఒక అట్ట మీద కళ్లద్దాల పెద్దామె బొమ్మ ఉంది. రాసినామె ఈమెనే అనుకొని, వేలు పెట్టి చూపించి తెచ్చాను.

అక్క పుస్తకం తెరిచి చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది. "బంగారం తెచ్చినవు తమ్మీ" అని, మాసిపోతుందంటూ అప్పటికప్పుడే పాత పేపరుతో అట్ట వేసింది. నేను డిపో ముందరి చాయ్ హోటల్లో అందరికీ చెప్పాను, బహుమతి పుస్తకం ఖేడ్‌కు తెచ్చింది నేనేనని.

అప్పటి నుంచి పొద్దుగూకే వేళ అరుగు మీద కూర్చొని చదివేది. పేజీ చూసేది, తలెత్తి నాకు తెలుగులో చెప్పేది. "మార్చినోళ్లకు సగం బహుమతంట. నా సగం నువ్వియ్యాలె" అని నవ్వేది. మొగుడు పోయాక దుకాణంలో తూకమేసే తరాజు మరుదులు ఎత్తుకుపోతే, వాళ్ల గడపలో కూర్చొని మరీ తెచ్చుకున్న ఆమె కథ చెప్పింది. పుట్టింటి జొన్న విత్తనం అత్తకు తెలియకుండా చేనులో వేసిన ఆమె కథ చెప్పింది. నేను ఊరికే వినేవాణ్ణి కాను. తీర్పులు చెప్పేవాణ్ణి. గిది అబద్ధం, గిది సాగదీసింది అని.

ఒకనాడు కొత్త కోడలి కథ ఎత్తుకుంది. కన్నడ ఊరి నుంచి తెలుగు ఊరికి వచ్చిన పిల్ల. బావి కాడ ఒక మాట తప్పు పలికితే ఆడవాళ్లంతా నవ్వారు. ఆ సిగ్గుతో మనుషులతో మాట్లాడడం మానేసింది. కొట్టంలో బర్రెతోనే మాట్లాడుతుంది. పుట్టిల్లు యాదికొచ్చినా దానికే చెప్పుకుంటుంది.

నాకు నవ్వు ఆగలేదు.

"బర్రెతోని ముచ్చటేందక్కా? గా పిల్ల పిచ్చిదా? గిసొంటి దానికి బహుమతెట్లిచ్చిండ్రు?"

"బాగలేదా తమ్మీ?"

"తీసెయ్. వేరేది చెప్పు."

"సరే తీ. నువ్వొద్దంటె వద్దు" అని పుస్తకం మూసి కందిపప్పు చాట అందుకుంది. వేరేది చెప్పలేదు. కళ్లు మసకలంటూ ఆ పుస్తకం మళ్లీ బయటికి తేలేదు. నేనూ అడగలేదు. కానీ ఆ పిల్ల ఏమైందోనని మనసులో ఉండేది.

దినాలయ్యాక కోడలి దగ్గరికి పోయాను. ఆమెదీ కన్నడ దిక్కే. "గా బహుమతి పుస్తకం తియ్యి బిడ్డా. బర్రె కథ ఆఖరికి ఏమైతదో చదివి చెప్పు" అన్నాను.

కోడలు తెచ్చి తెరిచింది. "బహుమతి పుస్తకమేంది కాకా? గిది వంటల పుస్తకం. ఊరగాయలు, చట్నీలు."

"మరి కథలు? గా తరాజు కథ?"

"తరాజు అత్తదే. కొట్లాడి తెచ్చుకున్నది, ఇంకా అటక మీదనే ఉన్నది. బర్రెతోనైతె పెండ్లయి వచ్చినప్పటి సంది మాట్లాడిందంట, దీని అమ్మమ్మతోని, తల్లితోని, ఇప్పుడు దీనితోని. రోజూ తెల్లారంగ. నీకు ఇనబడలేదా?"

వినబడింది. పూజ అనుకున్నాను.

నాకు చదువు రాదని ఊరు నవ్వకుండా ఆమె అట్ట వేసి దాచింది. ఆమె కడుపులో మాట బయట పెడితే నేను పళ్లికిలించాను. బావి కాడ నవ్విన వాళ్లల్లో నేను లేను. అరుగు మీద నేనే ఉన్నాను. ఇది చదివేవాళ్లు నన్ను ఏమైనా అనుకోండి, పడతాను.

ఆమె వేళ్లకు ఎప్పుడూ విభూతి ఉండేది. పుస్తకంలో ప్రతి పేజీ మూలకూ ఆ బూడిద మరక ఉంది. సగం దాకా. అక్కడి నుంచి పేజీలు తెల్లగా ఉన్నాయి.

ఆ సాయంత్రం గడ్డి పట్టుకొని వాళ్ల కొట్టంలోకి పోయాను. అక్క పోయినప్పటి నుంచి బర్రె సరిగ్గా మేయడం లేదు. "తినవే" అంటే కదలలేదు. ఆ గొణుగుడులో ఇన్నేళ్లూ చెవిన పడ్డ మాట ఒకటి గుర్తుకొచ్చింది. "బారవ్వా" అన్నాను. రావమ్మా అని. బర్రె చప్పున తలెత్తింది. నన్ను చూడలేదు. నా వెనక గుమ్మం దిక్కు చూస్తూ, చాలాసేపు అట్లాగే నిలబడింది.